వేరే మేస్త్రి సగంలో ఆపిన గిటార్ కొంటున్నారా? మొదటి ఫోన్ నుంచి తీగలు బిగించే దాకా

చేత్తో చేసిన అకౌస్టిక్ గిటార్ మీద మనసున్న వాళ్లకి అప్పుడప్పుడు ఒక కబురు అందుతుంది. ఫలానా ఊళ్లో ఒక మేస్త్రి దగ్గర బాడీ, నెక్ (మెడ) అయిపోయిన గిటార్ ఉందట, పాలిష్ వెయ్యలేదట, అలాగే ఇచ్చేస్తాడట అని. ఆయన ఊరు మారుతూ ఉండొచ్చు, చేతులు సహకరించక పని మానేస్తూ ఉండొచ్చు, ఆర్డరిచ్చిన వాళ్లు వెనక్కి తగ్గి ఉండొచ్చు. ఒక్కోసారి మేస్త్రి పోయాక ఇంట్లో వాళ్లు అమ్ముతారు. కారణం ఏదైనా, పూర్తయిన గిటార్ ధర పెట్టలేని వాళ్లకి మంచి చెక్క, మంచి పనితనం చేతికొచ్చే దారి ఇది. బెజవాడలోనో గుంటూరులోనో ఉంటూ ఇలాంటిది కొందామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. పాలిష్ బాగా రాకపోతే గీకేసి మళ్లీ వేసుకోవచ్చు. ఫ్రెట్స్ (నెక్ మీద అడ్డంగా కొట్టే లోహపు మెట్లు) పీకి మళ్లీ కొట్టుకోవచ్చు. కానీ మూసేసిన పెట్టె (బాడీ) లోపల పలకలకి ఆసరాగా అతికే బద్దలు సరిగా అతక్కపోయినా, నెక్ తప్పు కోణంలో అతికినా, చెక్క పచ్చిగా ఉన్నప్పుడే పెట్టె కట్టేసినా వాటిని సరిచెయ్యడం కొత్త గిటార్ చేసినంత పని. అందుకే తిరిగి మార్చలేని వాటిని ముందు చూడాలి. మార్చుకోగలిగిన వాటిని ధరలో తేల్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రొజెట్ (మధ్య రంధ్రం చుట్టూ ఉండే అలంకారం) అందం, బైండింగ్ (పెట్టె అంచుల పట్టీ) మెరుపు చూసి ముచ్చటపడి డబ్బులిచ్చేస్తారు.

మొదట: ఏ దశలో ఆగిందో తేల్చుకోండి

"సగం అయింది" అనే మాటకి అర్థం మనిషికొకలా ఉంటుంది. టాప్‌కి (పెట్టె పైపలకకి) బద్దలు అతికి, సైడ్స్ (పక్క పలకలు) వంచి, ఇంకా పెట్టె మూయని దశ ఒకటి. పెట్టె మూసి, బైండింగ్ కూడా అయిపోయి, నెక్ విడిగా ఉన్నది రెండోది. నెక్ కూడా కూర్చి, సాండ్ పేపర్ పట్టి, పాలిష్ ఒక్కటే మిగిలినది మూడోది.

నన్నడిగితే, గిటార్ పని తెలిసిన వాళ్లకి మొదటి దశే అన్నిటికన్నా మంచి బేరం. లోపల అంతా కంటికి కనిపిస్తుంది, ఏదైనా తేడా ఉంటే సరిచేసుకోవచ్చు. మొదటిసారి ప్రయత్నించే వాళ్లు మాత్రం మూడో దశలో ఉన్నదే చూసుకోండి. రెండో దశలో చిక్కు ఎక్కువ. పెట్టె మూసేశారు కాబట్టి లోపల చెయ్యి పెట్టలేం, నెక్ కూర్చలేదు కాబట్టి అన్నిటికన్నా కష్టమైన పని మన నెత్తిన పడుతుంది. అనుభవం ఉంటేనే అటు వెళ్లండి.

ఫోన్‌లోనే సగం తెలిసిపోతుంది

మేస్త్రితో మాట్లాడేటప్పుడు ధరతో మొదలుపెట్టకండి. ఆయన పని గురించి అడగండి. నిజంగా చేసినవాడైతే ఆ ప్రశ్నలకి సంతోషంగా చెబుతాడు.

"నమస్తే అన్నా, గిటార్ గురించి మాట్లాడదామని చేశాను. టాప్ ఏం చెక్కన్నా, స్ప్రూసా, సెడారా? బ్యాక్, సైడ్స్ ఏవి? పెట్టె ఏ నెలలో మూశారు? అప్పుడు గదిలో ఏసీ ఉందా, తేమ ఎంతుందో కొలిచారా? బద్దలకి ఏ జిగురు వాడారు? స్కేల్ లెంగ్త్ ఎంత? ట్రస్ రాడ్ ఒకవైపు తిరిగేదా, రెండువైపులా తిరిగేదా? మూయకముందు లోపల ఫొటోలు తీశారా?"

స్కేల్ లెంగ్త్ అంటే నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు కట్టే దిమ్మ) దాకా తీగ పలికే పొడవు. ట్రస్ రాడ్ అంటే నెక్ వంపు సర్దడానికి లోపల పెట్టే లోహపు కడ్డీ. ఈ ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరిది. పెట్టె మూయకముందు తీసిన ఫొటోలుంటే టాప్ కింద ఎక్స్ ఆకారంలో ఉండే పెద్ద బద్దలు, బ్రిడ్జ్ కింద అతికే గట్టి చెక్క పలక, చిన్న బద్దల చివర్లు అన్నీ చూసుకోవచ్చు. ఈ ఎక్స్ అమరికని మార్టిన్ అనే గిటార్ కంపెనీ 1840లలో, పేగు తీగల కాలంలోనే, వాడకంలోకి తెచ్చింది. ఉక్కు తీగల గిటార్లకి ఇప్పటికీ ఎక్కువ మంది దాన్నే పాటిస్తారు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే బద్దలు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి. క్లాసికల్ పెట్టె కొని దానికి ఉక్కు తీగలు వేద్దామని మాత్రం ఆలోచించకండి. లైట్ గేజ్ (సన్న రకం) ఉక్కు తీగల లాగుడు మొత్తం కలిపి సుమారు 70 కిలోలుంటుంది. నైలాన్ తీగలది అందులో సగానికి కాస్త పైన. ఆ పెట్టె ఈ బరువుకి కట్టింది కాదు.

జిగురు సంగతికొస్తే, సరేసు (పశువుల చర్మం నుంచి తీసే జిగురు) గానీ, టైట్‌బాండ్ లాంటి పసుపు జిగురు గానీ వాడానంటే నిశ్చింత. వడ్రంగులు తలుపులకీ బీరువాలకీ వాడే మామూలు తెల్ల జిగురుతో నెక్కో బ్రిడ్జో అతికానంటే ఆగి ఆలోచించండి. ఆ జిగురు పట్టు గట్టిదే, కానీ ఎప్పుడూ లాగుతూ ఉండే బరువు కింద, వేడిలో, నెమ్మదిగా జారుతుంది. మన ఎండలకి అది ఇంకా త్వరగా జరుగుతుంది.

తేమ: మన ఊళ్లకి ఇదే అసలు పరీక్ష

గిటార్ చేసేవాళ్లలో ఎక్కువ మంది గదిలో గాలి తేమని 40 నుంచి 50 శాతం మధ్య ఉంచుకుని పని చేస్తారు. కృష్ణ ఒడ్డున ఉండే మనకి వానాకాలంలో 70, 80 శాతం మామూలే. ఎండాకాలంలో వడగాలి కొట్టే మధ్యాహ్నాలు గాలి పూర్తిగా ఎండిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు మనవాళ్లు. రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండే టాప్ చెక్క సంగతి ఇక చెప్పేదేముంది!

చెక్క తేమ పీల్చినప్పుడు నార గీతలకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు మారదు. టాప్ కింద బద్దలేమో గీతలకి అడ్డంగా అతికి ఉంటాయి. టాప్ కుంచించుకుపోవాలని చూస్తుంది, బద్ద వదలదు. ఆ పెనుగులాటలో టాపే పగులుతుంది. అందుకే పొడి గాలిలో కట్టిన గిటార్‌కీ తడి గాలిలో కట్టినదానికీ చాలా తేడా. పొడిలో కట్టింది మన వానాకాలానికి కొంచెం ఉబ్బి, తీగలు కాస్త ఎత్తుకి లేస్తాయి, చలికాలానికి మళ్లీ దిగుతుంది. ఆగస్టు నెలలో తలుపులు తెరిచిన షెడ్డులో కట్టింది మొదటి వేసవికో, మొదటి ఏసీ గదికో పగులుతుంది. మొదటిదానితో సర్దుకుపోవచ్చు, రెండోదానితో సర్దుకోలేం.

అందుకే ఏ నెలలో మూశారు, గదిలో తేమ ఎంత అన్న రెండు ప్రశ్నలు వదలకండి. ఆయనకి తేమ లెక్క తెలియకపోతే, పెట్టె మూసి ఎన్నాళ్లయిందో అడగండి. మూశాక కనీసం ఒక వేసవి దాటి, టాప్ పగలకుండా, మధ్యలో గుంట పడకుండా ఉంటే అది మంచి గుర్తు. కొన్నేళ్లుగా అటక మీదున్న పెట్టెలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బెదరాల్సినదంతా ఆ చెక్క అప్పటికే బెదిరి ఉంటుంది.

చూడటానికి వెళ్లేటప్పుడు

సంచిలో ఇవి వేసుకోండి: 60 సెంటీమీటర్ల స్టీల్ స్కేలు, సన్నటి దారం, దంతవైద్యులు వాడే లాంటి చిన్న అద్దం, టార్చి, ఆటో విడిభాగాల షాపుల్లో దొరికే, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్, వెర్నియర్ కాలిపర్, రెండు మూడు పలచటి కాగితం ముక్కలు, ట్రస్ రాడ్‌కి సరిపోయే అలెన్ కీల సెట్టు. ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే దాదాపు అన్నీ దొరుకుతాయి. నెక్ చూడటానికి అల్యూమినియం కిటికీలు చేసే షాపులో ఒక చదరపు గొట్టం ముక్క కోయించుకుంటే స్కేలు కన్నా మేలు, నిలువునా పెట్టినా వంగదు. అది తిన్నగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. కాగితం మీద దాని అంచున గీత గీసి, గొట్టాన్ని తిరగేసి అదే గీత మీద ఇంకోసారి గీయండి. రెండు గీతలూ ఒకటైతే తిన్నగా ఉన్నట్టు.

చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరాకే గిటార్ ముట్టుకోండి. పాలిష్ లేని స్ప్రూస్ చెమటనీ నూనెనీ వెంటనే పీల్చుకుంటుంది. ఆ మరక పాలిష్ వేశాక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మన ఉక్కపోతలో భుజం మీదో మెడలోనో పొడి తువ్వాలు ఒకటి ఉంచుకోవడం మంచిది.

చెక్క నిజం చెప్పే చోటు

సౌండ్ హోల్ (టాప్ మధ్య రంధ్రం) అంచు చూడండి. పాలిష్ వెయ్యని గిటార్‌లో చెక్క ఒళ్లు విప్పి చూపించే చోటు అది. టాప్ పైన కనిపించే గీతలు అంచు మీదుగా కిందికి అలాగే దిగాలి, దాదాపు నిలువుగా ఉండాలి. అంచులో అడ్డంగా పొరలు కనిపిస్తే అది ప్లైవుడ్. ఫ్యాక్టరీ పెట్టె కొని, దానికి కొత్త నెక్ పెట్టి చేతిపని అని అమ్మే వాళ్లు కూడా ఉంటారు. ఈ ఒక్క చూపుతో ఆ సంగతి బయటపడుతుంది.

తర్వాత టాప్‌ని కిటికీ వెలుతురుకి వాలుగా పట్టుకోండి. మధ్య అతుకుకి అటూ ఇటూ ఉన్న రెండు సగాల్లో ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా మెరుస్తుంటే, గిటార్ తిప్పగానే అవి తారుమారైతే, చెక్క నార ఉపరితలానికి ఏటవాలుగా పోతోందని అర్థం. కొద్దిగా ఉంటే కంగారు లేదు. బాగా ఎక్కువైతే టాప్ బలం తగ్గుతుంది, అప్పుడు ధర కూడా తగ్గాలి. అదే వాలు వెలుతురులో సాండ్ పేపర్ గీతలు, జిగురు మరకలు, నొక్కులు కూడా కనిపిస్తాయి. కిటికీ పక్కన చాలాకాలం వేలాడదీసిన గిటార్ అయితే ఒక పక్క రంగు ముదిరి ఉంటుంది. స్ప్రూస్‌కి వెలుతురు తగిలితే రంగు తిరుగుతుంది.

సన్నటి సూదిమొన రంధ్రాలు, వాటి కింద పిండి లాంటి పొడి కనిపిస్తే చెక్క పురుగు. అలాంటిది ఎంత తక్కువకిచ్చినా ఇంటికి తెచ్చుకోకండి. మిగతా వాయిద్యాలకి కూడా పాకుతుంది.

చెక్క చూడటంలో సాయం కావాలంటే నూజివీడు దగ్గరలోనే ఉంది. పనస చెక్కతో తరతరాలుగా వీణలు చేస్తున్న కుటుంబాలున్న ఊరు అది. వీణకి మెట్లు మైనంలో కూరుస్తారు, గిటార్‌కి ఫ్రెట్స్ గాడిలో కొడతారు, కాబట్టి ఫ్రెట్ పని వాళ్ల చేత చేయించమని చెప్పను. కానీ చెక్క ఆరిందో లేదో, దాన్ని మోగిస్తే ఎలా పలుకుతుందో వాళ్ల చెవికి తెలిసినంత మనకి తెలియదు. మర్యాదగా అడిగితే చూసి చెబుతారు.

పెట్టె లోపల

ఇక్కడ తొందరపడకండి. ఫోన్ కెమెరా ఆన్ చేసి, ఫ్లాష్ లైటు వెలిగించి, సౌండ్ హోల్ మీదుగా లోపల వీడియో తీయండి. ఫోన్ పట్టకపోతే అద్దం, టార్చి వాడండి. ఎక్స్ బద్దలు కలిసే చోట రెండూ ఒకదానిలో ఒకటి బిగుతుగా కూర్చున్నాయా, లేక సందు ఉందా చూడండి. ప్రతి బద్ద వెంబడీ టార్చి వెలుగు పడేలా పట్టుకుంటే, అతుకు దగ్గర నల్లటి సన్న గీత కనిపిస్తే అక్కడ జిగురు పట్టలేదని అనుమానించాలి. వేళ్లు అందే చోట పలచటి కాగితం ముక్కని బద్ద అంచు కిందికి తోసి చూడండి. దూరితే అక్కడ బద్ద ఊడినట్టే. ఒకచోట చిన్న బద్ద ఊడితే సౌండ్ హోల్ నుంచి జిగురు పట్టించి సరిచేయొచ్చు. ఎక్స్ బద్దలో ఊడిన చోటు పొడుగ్గా ఉంటే నేనైతే వదిలేస్తాను.

జిగురు బయటికి ఒలికి, గడ్డలుగా ఎండిపోయి ఉంటే అది అలసత్వం. అంతమాత్రాన అతుకు బలహీనమని కాదు. కానీ లోపల, ఎవరూ చూడని చోట, ఉలితో నీటుగా చెక్కి శుభ్రం చేసిన పెట్టె కనబడితే ఆ చేతిని నమ్మొచ్చు. బయట చూపించుకోవడానికి ఎవరైనా నీటుగానే చేస్తారు.

వేలి కణుపుతో టాప్‌ని బ్రిడ్జ్ వచ్చే చోట మెల్లగా తట్టండి. శబ్దం మోగుతూ కాసేపు నిలవాలి. వేరే వేరే చోట్ల తట్టి చూడండి. ఎక్కడైనా గరగరమని చిన్న శబ్దం వస్తే లోపల ఏదో వదులుగా ఉన్నట్టు. బ్యాక్ కూడా అలాగే తట్టండి. సైడ్స్‌లో నడుము వంపు దగ్గర బయట నుంచి గోరుతో నిమరండి. వంచేటప్పుడు పడిన చీలికలు కంటికి కనిపించకపోయినా గోటికి తగులుతాయి.

నెక్ కోణం: ఇక్కడ కొనాలా వద్దా తేలిపోతుంది

ఉక్కు తీగల గిటార్ బ్రిడ్జ్ మందం మామూలుగా 9 నుంచి 10 మిల్లీమీటర్లు. ఫ్రెట్స్ కొట్టిన నెక్ అయితే, తిన్నటి గొట్టాన్నో స్కేలునో ఫ్రెట్స్ మీద నిలువుగా ఆనించి బ్రిడ్జ్ దాకా పోనివ్వండి. దాని కింది అంచు బ్రిడ్జ్ పైభాగాన్ని తాకీ తాకనట్టు పోవాలి. 60 సెంటీమీటర్ల స్కేలైతే నట్ దగ్గర ఒకటి రెండు ఫ్రెట్స్ వదిలి ఆనిస్తే చివర బ్రిడ్జ్‌ని చేరుతుంది. బ్రిడ్జ్ ఇంకా అతకకపోతే, అది వచ్చే చోట టాప్‌కీ స్కేలు కింది అంచుకీ మధ్య ఎత్తు కాలిపర్‌తో కొలవండి. ఫ్రెట్స్ ఉంటే 9, 10 మధ్య రావాలి. ఫ్రెట్స్ కొట్టని బోర్డు అయితే ఇంకో మిల్లీమీటరు తక్కువ రావాలి, ఫ్రెట్స్ ఆ ఎత్తు కలుపుతాయి.

ఆ ఎత్తు 6 మిల్లీమీటర్లే వచ్చిందనుకోండి. తీగలు బిగించాక టాప్ కొద్దిగా పైకి ఉబ్బుతుంది, నెక్ కొద్దిగా ముందుకి వంగుతుంది, తీగలు వేలికి అందనంత పైకి లేస్తాయి. శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) కోసి దించుదామంటే, 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. అంత శాడిలే ఉండదు. దీనికి మందు నెక్ ఊడదీసి మళ్లీ కూర్చడమే. బోల్టులతో బిగించిన నెక్ అయితే అది ఒక రోజు పని. డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారంలో ఒకదానిలో ఒకటి దూరే) అతుకు అయితే ఆవిరి పట్టి ఊడదీయాలి. క్లాసికల్ గిటార్లలో చేసే స్పానిష్ హీల్ అయితే నెక్, పెట్టె ఒకే ముక్కలా అతుక్కుని ఉంటాయి, ఊడదీసే దారే లేదు. అందుకే ఏ అతుకో ముందే అడిగి తెలుసుకోండి.

ఎత్తు సరిపోయాక పక్కలు చూడండి. ఫ్రెట్‌బోర్డు రెండు అంచుల వెంబడి దారం లాగి బ్రిడ్జ్ చోటు దాకా పోనివ్వండి. రెండు దారాలూ టాప్ మధ్య అతుకుకి సమాన దూరంలో పడాలి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోతే నెక్ పక్కకి వాలింది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అయితే బ్రిడ్జ్‌ని కాస్త జరిపి సర్దవచ్చు. అంతకు మించితే ఆ పక్క చివరి స్ట్రింగ్ (సన్నటి ఒకటోదో, లావుపాటి ఆరోదో) బోర్డు అంచు దాటి జారిపోతుంది.

హెడ్‌స్టాక్ (నెక్ పైకొస) వైపు నుంచి ఒక కన్ను మూసి నెక్ వెంబడి చూడండి. రెండు అంచులూ సమాంతరంగా పోవాలి, మెలి తిరగకూడదు. ట్రస్ రాడ్‌ని అలెన్ కీతో మెల్లగా తిప్పి చూడండి, పావు వంతు చాలు. తిరగాలి, తిరిగినప్పుడు నెక్ కొద్దిగా స్పందించాలి. అసలు తిరగకపోయినా, పట్టు లేకుండా గిర్రున తిరిగినా అనుమానమే. మేస్త్రి ముందే, ఆయన్ని అడిగే చేయండి.

ఫ్రెట్ గాళ్లు

ఇది త్వరగా అయిపోతుంది. నట్ చోటు నుంచి 12వ గాడికి దూరం కొలిచి రెండింతలు చేస్తే స్కేల్ లెంగ్త్ వస్తుంది. 648 మిల్లీమీటర్ల స్కేల్ లెంగ్త్ అయితే 12వ గాడి 324 దగ్గర, 7వది 215.5 దగ్గర, 5వది 162.5 దగ్గర ఉండాలి. ఈ మూడూ సరిపోతే మిగతావి కూడా సరిగానే కోసి ఉంటారు. చేతి రంపంతో అంచనాగా కోసిన బోర్డులు ఇక్కడే దొరికిపోతాయి. తప్పు బోర్డు అయితే గిటార్ ఎప్పటికీ శ్రుతిలో పలకదు, బోర్డు మార్చడం తప్ప వేరే దారి లేదు.

బ్రిడ్జ్ ముందే అతికేసి ఉంటే శాడిల్ గాడి స్థానం కూడా కొలవండి. 648 స్కేల్ లెంగ్త్‌కి నట్ నుంచి ఒకటో స్ట్రింగ్ దగ్గర సుమారు 650, ఆరో స్ట్రింగ్ దగ్గర 653 దాకా రావాలి. సరిగ్గా 648కే తిన్నగా పెట్టేస్తే పై ఫ్రెట్స్‌లో స్వరం ఎక్కువగా పలుకుతుంది.

ధర ఎలా కట్టాలి

ఈ గిటార్ పూర్తయితే, అదే మేస్త్రి పేరుతో, అదే చెక్కతో ఎంతకి పలుకుతుందో ముందు అంచనా వేయండి. అందులోంచి మిగిలిన పని తీసేయండి. ఉదాహరణకి పూర్తయిన ధర 60 వేలు అనుకుందాం. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), ఫ్రెట్ వైరు, ఎముక నట్, శాడిల్, తీగలు కలిపి 9 వేలు, పాలిష్, ఫ్రెట్ పని చేయించడానికి 12 వేలు అనుకుంటే 39 వేలు మిగులుతాయి. లోపల కనపడనివి ఏవైనా బయటపడితే ఆ భారం మీదే కాబట్టి ఇంకో 6 వేలు తగ్గించండి. 33 వేల దగ్గర బేరం న్యాయంగా ఉంటుంది. ఈ లెక్కంతా మేస్త్రి ముందు పెట్టి మాట్లాడండి. చెక్క విలువ, ఆయన చేతి కష్టం మీకు తెలుసని అర్థమైతే ఆయన కూడా న్యాయంగా మాట్లాడతాడు. పోయిన మేస్త్రి ఇంటివాళ్లు ధర తెలియక మరీ తక్కువ చెబితే, దయచేసి అసలు విలువ చెప్పి కొనండి.

ఎవరి పేరు వెయ్యాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పెట్టె ఆయన చేసింది, ముగింపు మీది. లోపల లేబుల్ మీద ఇద్దరి పేర్లూ వేయడానికి ఆయన ఒప్పుకుంటే మంచిది. కొంతమంది మేస్త్రులు, తాము పూర్తి చెయ్యని దాని మీద తమ పేరు వద్దంటారు. అది వాళ్ల హక్కు, గౌరవించండి. ఆయన చెక్కిందాన్ని మొత్తం మీదే అని చెప్పుకుని అమ్మడం మాత్రం అన్యాయం. మాట్లాడుకున్నవన్నీ వాట్సాప్‌లో రాసిపెట్టుకోండి: చెక్కల పేర్లు, స్కేల్ లెంగ్త్, జిగురు, ట్రస్ రాడ్ కీ సైజు, బ్రిడ్జ్ స్థానం, ఎవరి పేరు. అడ్వాన్సు కొంత ఇచ్చి, మిగతాది గిటార్ చేతికొచ్చి చూసుకున్నాక ఇచ్చేలా మాట్లాడుకుంటే ఇద్దరికీ మేలు.

విదేశం నుంచి తెప్పించుకునే వాళ్లకి ఒక హెచ్చరిక. రోజ్‌వుడ్ జాతి చెక్కలన్నీ 2017 జనవరి 2 నుంచి సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ) ఒప్పందం కింద నియంత్రణలో ఉన్నాయి. 2019 నవంబరు 26 నుంచి సడలింపు వచ్చింది గానీ, అది పూర్తయిన వాయిద్యాలకి, పూర్తయిన విడిభాగాలకి. పాలిష్ లేని, తీగలు లేని పెట్టె ఆ సడలింపులోకి వస్తుందనే ధైర్యంతో పార్సిల్ వేయించకండి. అనుమతి పత్రం సంగతి పంపేవాళ్లతో ముందే తేల్చుకోండి. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అయితే అసలు జోలికే వెళ్లకండి.

ఇంటికి తేవడం

బెంగళూరైనా కలకత్తా అయినా వీలుంటే మీరే వెళ్లి, రైల్లో చేత్తో పట్టుకుని తెచ్చుకోండి. పార్సిల్ తప్పదంటే మెత్తటి గుడ్డలో చుట్టించి, ప్లాస్టిక్ కవర్లో మూయించి, గట్టి బాక్సులో నెక్ కింద ఆనిక పెట్టించండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పార్సిల్ వద్దు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, పసుపు జిగురు మెత్తబడటం మొదలయ్యే వేడి అది. బెంజ్ సర్కిల్ దగ్గర పనుందని కారులో గిటార్ వదిలేసి వెళ్లకండి, పది నిమిషాలకైనా.

ఇంట్లో: ముందు కుదురుకోనివ్వండి

తెచ్చిన రోజే సాండ్ పేపర్ పట్టుకోవద్దు. పాలిష్ లేని చెక్క గాలిలో తేమని చాలా త్వరగా పీలుస్తుంది, వదులుతుంది. మీరు గిటార్ ఉంచబోయే గదిలోనే పెట్టి, రోజూ ఒకే వేళకి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసుకోండి. మొదట్లో కొన్ని గ్రాములు పెరుగుతూనో తరుగుతూనో ఉంటుంది. వారం రోజుల పాటు బరువు మారకుండా నిలిస్తే చెక్క ఆ గదికి అలవాటు పడినట్టు. గోడకి తేమ చూపించే చిన్న మీటరు తగిలిస్తే ఇంకా మంచిది.

పాలిష్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి, పొద్దున మంచు విడిచాక. వానాకాలంలో స్పిరిట్ పాలిష్ గానీ, లక్కర్ గానీ వేస్తే గాలిలో తేమ పట్టి తెల్లగా మసక కమ్ముతుంది. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ టాప్‌కి చాలా పలచగా కూర్చుంటుంది, శబ్దాన్ని నొక్కదు. దాని బలహీనత చెమట. మన వేసవిలో ముంజేయి ఆనే చోట త్వరగా అరుగుతుంది, అక్కడక్కడ మళ్లీ వేసుకోవాలి. ఫర్నిచర్‌కి వేసే మెలమైన్ గట్టిగా, అద్దంలా ఉంటుంది, కానీ మందం ఎక్కువ. టాప్ మీద దాన్ని వెయ్యనివ్వకండి. రోజ్‌వుడ్ మీద స్పిరిట్ గుడ్డ పెడితే దాని ఊదా రంగు కరిగి పక్కన తెల్లటి స్ప్రూస్‌లోకి పాకుతుంది. అందుకే తెల్లటి అంచులకి ముందు రెండు పలచటి పూతలు వేసి కప్పండి. బ్రిడ్జ్ వచ్చే చోట టేపు అంటించి పాలిష్ పడకుండా చూడండి. బ్రిడ్జ్ ఎప్పుడూ ఉత్త చెక్క మీదే అతకాలి.

పూత గట్టిపడటానికి వారాలు పడుతుంది, ఆ వ్యవధి ఇవ్వండి. తర్వాత బ్రిడ్జ్ అతికి, ఒకటి రెండు రోజులాగి లైట్ గేజ్ తీగలు వేయండి. శ్రుతికి తెచ్చి వారం అలాగే ఉంచండి. ఈలోగా బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరుతుందేమో రోజూ చూడండి. నెక్ వంపుని ట్రస్ రాడ్‌తో సర్దడం ఆ వారం అయ్యాకే. శాడిల్ ఎత్తు దాని తర్వాత. నట్ గాళ్లు అన్నిటికన్నా చివర, కొంచెం కొంచెంగా కోయండి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో స్ట్రింగ్ 2.4, ఒకటో స్ట్రింగ్ 1.8 మిల్లీమీటర్ల ఎత్తులో నిలిస్తే ఎక్కువ మందికి వాయించడానికి హాయిగా ఉంటుంది.